ఇన్‌వార్డు ముద్ర పడిన గర్భం

గ్యాస్ బండ వారానికొకటి ఖర్చయిపోతోందని మా అత్తగారు తులశమ్మగారు నా మీద నేరం మోపారు. ఆగస్టు నెలాఖరు ఆదివారం, పొద్దున్న ఏడు గంటలకి, వంటింటి గోడకున్న క్యాలెండర్ ముందు నిలబడి మొదలుపెట్టారు.

“ఏమ్మా వకుళా, ఈ నెలలో నాలుగు బండలా? ఇంట్లో హోటలేమైనా నడుపుతున్నావా?”

“ఒక్కటే మార్చానత్తయ్యా, పన్నెండో తారీకున.”

“మరి ఈ సున్నాలేమిటి? అయిదు, పన్నెండు, పంతొమ్మిది. రేపటి తారీకు చుట్టూ కూడా చుట్టేశావు. రేపు ఖాళీ అవుతుందని ఇవాళే తెలుసా నీకు?”

బండ మార్చిన రోజున క్యాలెండర్‌లో తేదీ చుట్టూ సున్నా చుట్టాలన్నది ఆవిడ పెట్టిన పద్ధతే. నేను బండని అటూ ఇటూ ఊపి చూపించాను. బరువుగానే ఉందని ఒప్పుకున్నారు. ఒప్పుకుని, “అయితే మిగతా మూడూ ఏమయ్యాయి?” అన్నారు. వసారాలో పేపరు చదువుతున్న మా ఆయన శ్రీహరి తల ఎత్తకుండానే, “పైపు కారుతోందేమో, మనిషిని పిలుద్దాం” అన్నారు. నెలకి మూడు బండలు కారిపోతే మనం ఇలా కూర్చుని మాట్లాడుకునేవాళ్లం కాదని నేనన్నాను. ఆ మాట పెడసరంగా ఉందని అత్తగారన్నారు.

అప్పుడు మా తోటికోడలు ఇందుమతి తల దువ్వుకుంటూ వచ్చింది. “ఆ సున్నాలు నావత్తయ్యా. వారాలు. రేపటితో పదమూడు నిండుతాయి” అంది.

తగువు బండ మీద నుంచి దిగి ఇందుమతి కడుపు మీదికి వచ్చింది.

“పదమూడేమిటే? మా మురళి ఓడ దిగి ఇంటికొచ్చిందే జూన్ ఎనిమిదిన. ఎంత లాగినా పదకొండు. ఆ పైన రెండు వారాలు ఎక్కణ్ణించి తెచ్చావు?”

మా మరిది మురళీధర్ సముద్రంలో ఇసుక తోడే ఓడ మీద ఇంజనీరు. రెండు నెలలు నీళ్ల మీద, ఒక నెల నేల మీద. అతను నేల మీద ఎప్పుడున్నాడో ఈ ఇంట్లో అందరికీ తారీకులతో సహా తెలుసు.

నేను చెప్పాను. కడుపు ఏ రోజు నిలిచిందో ఎవరికీ కచ్చితంగా తెలియదు. బయట చేరిన రోజు మాత్రం ఆడదానికి గుర్తుంటుంది. అందుకని డాక్టర్లు చివరిసారి బయట చేరిన మొదటి రోజు నుంచి లెక్క మొదలుపెట్టి, నలభై వారాలకి కాన్పు అంటారు. ఇందుమతికి అది మే ఇరవై ఏడు.

“అంటే మొదటి రెండు వారాలూ కడుపు లేకుండానే కడుపా?”

“లెక్క కోసం అత్తయ్యా.”

“అలా చెప్పు మరి. లెక్క వేరు, కడుపు వేరు” అని ఆవిడ కాఫీ గ్లాసు అందుకున్నారు. తగువు తీరిపోయింది. మా అత్తగారు ఏడో తరగతి దాకా చదివారు. ఈ సంగతి బోధపడడానికి ఆవిడకి ఒక కాఫీ పట్టింది. తీరప్రాంత లవణ ప్రమాణాల మండలికి నెలలు పట్టాయి, చివరికి బోధపడనూ లేదు.

*

ఆ మండలిని మా ఊళ్లో ఉప్పాఫీసు అంటారు. మడుల నుంచి వచ్చే ఉప్పులో తేమ ఎంత ఉందో చూడడం దాని పని. వానాకాలంలో ఎక్కువ ఉందనీ, ఎండాకాలంలో తక్కువ ఉందనీ ఏటా రెండు నివేదికలు అచ్చువేస్తారు. మూడేళ్లు పరీక్షలు రాసి రాసి ఇందుమతి అందులో పరీక్షకురాలి ఉద్యోగం తెచ్చుకుంది. జూన్ మూడున చేరింది. చేరేటప్పుడు నింపిన ఫారంలో పదకొండో గడి, ‘గర్భవతియా? అవును, కాదు’ అని ఉంటే, ‘కాదు’ అని రాసింది. మొగుడు సముద్రంలో ఉన్నవాడు కనుక ఆలోచించకుండానే రాసింది.

మండలిలో ప్రసూతి సెలవు ఆరు నెలలు. ముప్పై రెండు వారాలు నిండిన దగ్గర్నుంచి తీసుకోవచ్చు. కొత్త ఉద్యోగి ఏడాది పాటు ప్రొబేషన్‌లో ఉంటుంది. ఆ ఏడాదిలో ఫారంలో అబద్ధం రాసినట్టు తేలితే వివరణ అడక్కుండానే ఇంటికి పంపొచ్చు.

నవంబరు ఇరవై ఐదున ఇందుమతి సెలవుకి దరఖాస్తు పెట్టింది. దానికి డాక్టరు సుభాషిణిగారి పత్రం జత చేసింది: గర్భకాలం ఇరవై ఆరు వారాలు. వచ్చే కాగితాలు అందుకునే ఇన్‌వార్డులో ముద్ర వేసి తీసుకున్నారు. పరిపాలనాధికారి పద్మనాభంగారు తన బల్ల మీది క్యాలెండర్‌ని వెనక్కి తిప్పుకుంటూ ఇరవై ఆరు వారాలు లెక్కపెట్టారు. మే ఇరవై ఏడు దగ్గర ఆగారు. మూడో రోజు మెమో వచ్చింది.

‘సదరు ఉద్యోగిని నియామకమునకు ఏడు దినములు పూర్వమే గర్భము ధరించియుండియు, పదకొండవ గడిలో “కాదు” అని వ్రాసి వాస్తవమును మరుగుపరచినట్లు విదితమగుచున్నది. కావున ఆమె సేవలను ఏల రద్దుపరచరాదో పది దినములలో తెలియజేయవలెను.’

మురళి ఓడ మీద ఉన్నాడు. మా ఆయన ఆఫీసర్లున్న చోట గుమ్మం తొక్కరు. ఇందుమతికి తోడు నేను వెళ్లాను.

పద్మనాభంగారు మర్యాదస్తులు. “కూర్చోండమ్మా, గర్భిణీ స్త్రీలు నిలబడరాదని మా నిబంధన” అని ఇందుమతికి కుర్చీ వేయించారు. నేను గర్భిణిని కాను కనుక నిలబడ్డాను.

“సార్, డాక్టర్ల లెక్క బహిష్టు మొదటి రోజు నుంచి మొదలవుతుందండీ” అంది ఇందుమతి.

బహిష్టు అన్న మాట వినగానే ఆయన కళ్లు ఫ్యాను వైపు ఎత్తారు. “సదరు తేదీ అనండి” అన్నారు ఫ్యానుతోనే.

“సదరు తేదీ నుంచి రెండు వారాలు గర్భం ఉండదండీ.”

“ఉండదా?”

“ఉండదండీ.”

“ఇరవై ఆరు వారాల్లో ఆ రెండు వారాలూ ఉన్నాయా, లేవా?”

“ఉన్నాయండీ.”

“మరి! వారాలుండి గర్భం లేకపోతే, ఆ వారాలు దేనివమ్మా?”

ఇందుమతి నా వైపు చూసింది. “పోనీ, ఆ రెండూ తీసేసి ఇరవై నాలుగని రాసుకోండి” అన్నాను నేను.

“వైద్య ధ్రువపత్రంలో అంకెలు దిద్దడం నేరం. తమరు చదువుకున్నవారిలా ఉన్నారు.”

“సార్, ఆ రోజుల్లో మా ఆయన పారాదీప్ దగ్గర ఓడ మీద ఉన్నారు. ఓడ వాళ్ల కాగితం కూడా తెస్తాను” అంది ఇందుమతి.

“అది మీ కుటుంబ విషయం” అన్నారు పద్మనాభంగారు, పరాయివాళ్ల ఇంటి సంగతి చెవిన పడితే పెద్దమనుషులు చేసే మొహం చేసి. “మా నియమావళిలో భర్త ప్రస్తావన ఎక్కడా లేదు.”

మర్నాడు సుభాషిణిగారు ఇంకో కాగితం రాసిచ్చారు: మొదటి రెండు వారాలు లెక్కలో ఉంటాయి కానీ గర్భం ఉండదని. పద్మనాభంగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. ఒక కాగితం గర్భం ఉందంటోంది. ఒక కాగితం లేదంటోంది. రెండింటి మీదా ఒకే సంతకం. ఇటువంటి చోట ఏ అధికారైనా చేసే పనే ఆయనా చేశారు. ఉపసంఘం వేశారు.

*

గర్భకాల గణన ఉపసంఘంలో ముగ్గురు సభ్యులు. పద్మనాభంగారు, స్టోర్సు అధికారి, ఉప్పు రసాయనం చూసే ఒక బ్రహ్మచారి. ఆడవాళ్లకి ఈ విషయంలో సొంత ప్రయోజనం ఉంటుంది కనుక నిష్పాక్షికత కోసం వాళ్లని తీసుకోలేదు. బ్రహ్మచారికి ఎటువైపూ ఏమీ తెలియదు కనుక ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు.

నాలుగు రోజులు తలుపులు మూసుకుని కూర్చున్నారు. ఒప్పుకోవాల్సిందే, వాళ్ల తర్కంలో దోషం లేదు. సదరు తేదీ నుంచే గర్భం మొదలవుతుందని వైద్యశాస్త్రం అంటోంది. సదరు తేదీ ప్రతి నెలా వస్తుంది. ఆ వచ్చినది గర్భానికి మొదటి రోజా, కాదా అన్నది రెండు మూడు వారాల దాకా తేలదు. అంటే ప్రతి ఉద్యోగినీ ప్రతి నెలా కొన్నాళ్లు గర్భవతి అయ్యుండవచ్చు, ఆ సంగతి ఆమెకే తెలియకపోవచ్చు. ఇందుమతిలాగా రేపు ఇంకెవరూ మండలిని మోసం చేయకుండా ఉండాలంటే దారి ఒక్కటే.

సర్క్యులర్ నోటీసు బోర్డుకి ఎక్కింది. యాభై ఏళ్ల లోపు ఉద్యోగినులందరూ సదరు తేదీ వచ్చిన రోజున పదకొండు గంటల లోపు నమూనా ఏడు నింపి ఇవ్వాలి. ఇచ్చిన నాటి నుంచి పద్నాలుగు రోజులు వారిని ‘సంభావ్య గర్భిణి’గా పరిగణిస్తారు. నెల తిరిగి మళ్లీ సదరు తేదీ వస్తే, నమూనా ఎనిమిదిలో వెనకటి గర్భం రద్దు చేయించుకుని, నమూనా ఏడులో కొత్త గర్భం మొదలుపెట్టుకోవాలి.

“రెండు కాగితాలూ ఒకే రోజు ఇవ్వాలట అక్కా” అంది ఇందుమతి సాయంత్రం వచ్చి. “ముందు రద్దు, తర్వాత కొత్తది. తారుమారైతే కవలల కింద లెక్కట.”

మా అత్తగారు తమలపాకులు తుడుస్తున్నారు. “నేను అనకూడదు గానీ, ఆ ముగ్గురికీ తల్లులున్నారా?” అన్నారు.

ఉప్పాఫీసులో పద్నాలుగు మంది పరీక్షకులు. అందులో తొమ్మిది మంది ఆడవాళ్లు. మొదటి మూడు రోజులు సిగ్గుపడ్డారు. నాలుగో రోజు ఎవరో నియమావళి తిరగేశారు. గర్భిణులు ఐదు కిలోలు మించి ఎత్తరాదు. రెండో అంతస్తు ఎక్కరాదు. పూటకొకసారి అరగంట విశ్రాంతి తీసుకోవచ్చు. సంభావ్య గర్భిణులకి ఇవి వర్తించవని సర్క్యులర్‌లో ఎక్కడా లేదు. పరీక్షల గది రెండో అంతస్తులో ఉంది. ఉప్పు నమూనా సంచీ ఆరు కిలోలు.

డిసెంబరు రెండో వారానికి ఉప్పాఫీసులో ఉప్పు ముట్టేవాళ్లు కరువయ్యారు. నమూనా సంచీలు మెట్ల కింద పేరుకుపోయి, మంచుకి చెమ్మగిల్లి, వాటిలో తేమ మండలి చరిత్రలో ఎన్నడూ లేనంత పెరిగింది. గర్భవతి కాని ఐదుగురు మగవాళ్లు సంచీలు మోసి మోసి నడుములు పట్టేసి, తమకి కూడా ఏదైనా నమూనా ఇప్పించమని అర్జీ పెట్టుకున్నారు. అటెండరు సత్తెమ్మకి యాభై రెండేళ్లు. తనని ఎందుకు వదిలేశారని ఆవిడ పద్మనాభంగారి గది ముందు బైఠాయించింది.

“మీకు వర్తించదు సత్తెమ్మగారూ.”

“ఎందుకు వర్తించదండీ? ఆ చంద్రికమ్మకి పెళ్లే కాలేదు, ఆవిడకి వర్తించిందిగా!”

చంద్రిక టైపిస్టు. ఇరవై మూడేళ్లు. పెళ్లిచూపులు జరుగుతున్న పిల్ల. నోటీసు బోర్డు మీది సంభావ్య గర్భిణుల జాబితాలో ఆమె పేరు మూడోది. జాబితా సంగతి వాళ్ల నాన్నగారి చెవిన పడింది. ఆయన హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరయిన మనిషి. పద్మనాభంగారి గదిలోకి ఆయన వెళ్లాక తలుపు వేసుకోవడం మర్చిపోయారు కనుక ఆఫీసంతా విన్నది.

“మా అమ్మాయి గర్భవతని గోడకి కట్టారటగా?”

“గర్భవతి అనలేదండీ. సంభావ్య గర్భిణి అన్నాం. అది కేవలం పరిపాలనాపరమైన గర్భం. పద్నాలుగు దినాల తరువాత దానంతట అదే పోతుంది.”

“దానికి బాధ్యుడెవడు?”

“పూర్తి బాధ్యత మండలిదే” అన్నారు పద్మనాభంగారు, ధైర్యం చెబుతున్నట్టుగా.

“మండలిలో ఎవడు?”

ఆ ప్రశ్నకి సమాధానం నియమావళిలో లేదు. హెడ్ కానిస్టేబులుగారు లేచి నిలబడి చొక్కా చేతులు మడతపెట్టారు. ఆ సాయంత్రమే జాబితా బోర్డు మీద నుంచి దిగింది. వానాకాలపు నివేదిక రాలేదేమని రాజధాని నుంచి ఫోను కూడా ఆ సాయంత్రమే వచ్చింది.

*

డిసెంబరు పదహారున సంచాలకులు స్వయంగా దిగారు. ఇందుమతి ఫైలు తెప్పించుకున్నారు. అప్పటికది నాలుగు వేళ్ల మందం అయింది. ఆయన దాన్ని తెరవలేదు. పెద్ద అధికారులకి ఫైలు బరువు చూస్తే చాలు.

“పద్మనాభం, మన దగ్గర ఉప్పు నమూనాకి వయసు ఎలా లెక్కగడతాం?”

“ఇన్‌వార్డు ముద్ర పడిన రోజు నుంచి సార్.”

“ఆ ఉప్పు మడిలో ఎప్పుడు గడ్డకట్టిందో, కుప్పలో ఎన్నాళ్లుందో?”

“మనకి సంబంధం లేదు సార్. మన గుమ్మం తొక్కిన రోజే దానికి మొదటి రోజు.”

“ఉప్పుకో న్యాయం, ఉద్యోగికో న్యాయమా?”

గదిలో ఉన్నవాళ్లందరికీ ఒళ్లు జలదరించిందట. సంతోషంతోనే. అరగంటలో ఉత్తర్వు టైపయింది. టైపు చేసింది చంద్రికే. ‘ఇకమీదట ఉద్యోగినుల గర్భము, తత్సంబంధిత సమాచారము మండలి కార్యాలయమున ఇన్‌వార్డు ముద్ర పొందిన తేదీ నుండి మాత్రమే ప్రారంభమైనట్లు పరిగణింపబడును. అంతకుపూర్వపు గర్భమును మండలి గుర్తింపజాలదు.’

దాంతో చిక్కుముళ్లన్నీ విడిపోయాయి. సంభావ్య గర్భాలన్నీ ఒక్క సంతకంతో రద్దయ్యాయి. ఇందుమతి గర్భం నవంబరు ఇరవై ఐదున మొదలైనట్టు తేలింది కనుక, జూన్ మూడున ఆమె గర్భవతి కాదు. పదకొండో గడిలో రాసింది నిజమే. మెమో వెనక్కి తీసుకున్నారు. పద్మనాభంగారు ఆమెకి స్వయంగా లడ్డూ ఇచ్చి, “సత్యం జయించిందమ్మా” అన్నారు.

ఉద్యోగం నిలిచిందన్న ఆనందంలో ఇందుమతి ఆ లడ్డూని చేతిరుమాల్లో చుట్టుకుని ఇంటికి తెచ్చింది. మురళి అప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. అందరం తలా కాస్త తిన్నాం. నేను తింటూ, ఎందుకో ఉత్తర్వు ఇంకోసారి చదివాను. చదివి, నవంబరు ఇరవై ఐదు నుంచి వేళ్ల మీద లెక్కపెట్టాను. ముప్పై రెండు వారాలు.

“ఇందూ, నీ సెలవు ఎప్పట్నుంచి?”

“జనవరి ఆరు నుంచి అక్కా.”

“కాదు. జులై ఏడు నుంచి.”

“అప్పటికి బిడ్డ బోర్లాపడుతుంటుంది కదే” అన్నారు మా అత్తగారు.

మర్నాడు మురళి వెళ్లి అడిగాడు. జులై ఏడుకి ముందు ప్రసూతి సెలవు ఇస్తే, గర్భం నవంబరుకి ముందే ఉందని మండలి ఒప్పుకున్నట్టవుతుందనీ, ఒప్పుకుంటే పదకొండో గడి మళ్లీ తెరవాల్సి వస్తుందనీ పద్మనాభంగారు ఎంతో మృదువుగా చెప్పారు. “కోర్టుకి వెళ్దాం” అన్నారు మా ఆయన. వకీలుగారు కాగితాలన్నీ చూసి, కేసు బలంగా ఉందనీ, వేసవి సెలవుల తరవాత మొదటి వాయిదా పడొచ్చనీ అన్నారు.

ఇందుమతి దగ్గర అన్ని రకాల మామూలు సెలవులూ కలిపి నలభై రోజులున్నాయి. అవి కాన్పు తరవాతకి దాచుకుంది. నెలలు నిండుతున్న మనిషి రోజూ పొద్దున్న ఆటో ఎక్కి ఆఫీసుకి వెళ్లింది. సాయంత్రం వచ్చేసరికి పాదాల మీద చెప్పుల వారు అచ్చు పడి ఉండేది. నేను వేడినీళ్లు పెట్టేదాన్ని. ఆ అచ్చు రాత్రి భోజనాల దాకా పోయేది కాదు.

మడుల దగ్గరికి వెళ్లకుండా మినహాయింపు మండలిలో ఇరవై వారాలు నిండినవాళ్లకి దొరుకుతుంది. పాత లెక్కన ఇందుమతికి అది ఎప్పుడో దొరికింది. కొత్త లెక్కన రద్దయింది. ఫిబ్రవరి మూడున, అసలు లెక్కలో ముప్పై ఆరు వారాల మనిషికి, రికార్డులో పది వారాలే కనుక, మడుల డ్యూటీ వేశారు. జీపు ఎక్కడానికి స్టూలు కావలసివచ్చింది. గట్టు మీద జీపు ఆగేసరికి ఉప్పు గోకుతున్న ఆడకూలీలు పారలు వదిలేసి చుట్టూ మూగారట.

“ఏం డ్రైవరూ, కళ్లు ఇంట్లో పెట్టొచ్చావా? ఈ అమ్మని గట్టు దిగమంటావా?”

“నాదేముందమ్మా, కాగితంలో మూడో నెల!”

“మూడో నెలా? నలుగురిని కన్నదాన్ని, నాకు చెబుతున్నావా? నీ కాగితాన్ని దింపు మడిలోకి. అమ్మని తీసుకెళ్లు.”

ఒకావిడ తన నెత్తి మీది గుడ్డ తీసి సీటు మీద మడతేసి ఇందుమతిని కూర్చోబెట్టి, సంచీలు తనే నింపి జీపులో పెట్టింది. ఉప్పాఫీసు తరఫున ఇందుమతికి దొరికిన ఒకే ఒక్క వైద్య సదుపాయం అది. ఆవిడ పేరు అడగడం మరిచిపోయానని ఇందుమతి చాలా రోజులు బాధపడింది.

*

ఫిబ్రవరి ఇరవై ఐదున సాయంత్రం దాకా ఆఫీసులో ఉండి, ఇరవై ఆరున తెల్లవారి ఆడపిల్లని కన్నది. రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. గొంతు మాత్రం ఆ బరువుకి తగ్గట్టు లేదు. ఆసుపత్రి వరండా చివరున్న మా ఆయనకి కూడా వినిపించింది.

పుట్టినట్టు ఆసుపత్రి ఇచ్చిన పత్రం జత చేసి, ఇకనైనా ప్రసూతి సెలవు ఇమ్మని దరఖాస్తు పంపాం. మూడు వారాలకి జవాబు వచ్చింది.

‘తమరు తేదీ 26-2న ప్రసవించినట్లు పంపిన పత్రము పరిశీలించడమైనది. మండలి రికార్డుల ప్రకారము ఆ తేదీ నాటికి తమ గర్భకాలము పదమూడు వారముల రెండు దినములు మాత్రమే. అట్టి దశలో సజీవ శిశువు జన్మించుట వైద్యశాస్త్ర రీత్యా అసాధ్యమని మండలి నియమిత వైద్యుల అభిప్రాయము. కావున సదరు జననమును ప్రస్తుతము గుర్తించుటకు వీలుపడదు. తమ గర్భము యథాతథముగా కొనసాగుచున్నట్లు పరిగణింపబడుచున్నది. సెలవు ముగిసిన వెంటనే విధులకు హాజరుకావలెను. ఆరోగ్యము జాగ్రత్త.’

ఆ చివరి రెండు మాటలు పద్మనాభంగారు సొంతంగా చేర్చారని నా నమ్మకం. చెడ్డవాడు కాదు.

నలభై రోజులు ఏప్రిల్ ఆరో తారీకు ఆదివారంతో అయిపోయాయి. ఆ మధ్యాహ్నం అందరం భోజనాలకి కూర్చున్నాం. మురళి ఎల్లుండి మళ్లీ ఓడ ఎక్కాలి. బాలింతకని బీరకాయ కూర, వెల్లుల్లి కారం. పాప పక్కగదిలో నిద్రపోతోంది. వారం రోజులుగా ఇంట్లో నడుస్తున్న మాటే మళ్లీ మొదలైంది.

“ఉద్యోగం మానెయ్ ఇందూ” అన్నాడు మురళి. “వాళ్ల మొహాన రాజీనామా కొట్టు.”

“మూడేళ్లు చదివాను.”

“పోనీ పగలు నేనూ వకుళా చూసుకుంటాం, డబ్బా పాలు పడదాం” అన్నారు అత్తగారు. అన్నారే కానీ ఆవిడ మొహంలో ఇష్టం లేదు. డబ్బా పాలు పట్టిన రెండు సార్లూ పాప కక్కేసింది.

“సాయంత్రం ఆరింటిదాకా దానికి డబ్బానే గతా? నలభై రోజుల పిల్లకి?” అన్నాను నేను. ఎవరి మీదో తెలియని కోపం వడ్డించే గరిటె మీద చూపించాను.

ఇందుమతి ముద్ద కలుపుతూ ఆగింది. ఎంగిలి చేత్తోనే మెమోలున్న కవరు వైపు చూపించింది.

“నేనొకటి అనుకున్నాను. రేపు ఆఫీసుకి వెళ్తున్నా. పాపని తీసుకుని వెళ్తున్నా.”

“గేటు దగ్గరే ఆపేస్తారు. పిల్లలకి ప్రవేశం లేదని ఇంతంత అక్షరాలతో బోర్డుంది” అన్నారు మా ఆయన.

“పిల్లలకి లేదు బావగారూ. పుట్టిన పిల్లలకి. మన పాప ఇంకా పుట్టలేదు. రేపటికి పంతొమ్మిది వారాలు నిండుతాయి, వాళ్లే కాగితం మీద రాసిచ్చారు. గర్భాన్ని గేటు దగ్గర వదిలేసి రమ్మనే రూలు నియమావళిలో లేదు. మొత్తం చదివాను.”

మురళి అన్నం మీది చెయ్యి తియ్యడం మరిచిపోయాడు.

“పాప ఏడిస్తే?”

“ఏడవనీ. పంతొమ్మిదో వారంలో ఎవరూ ఏడవరు. ఏడుపు వినపడిందని వాళ్లు నాకు మెమో ఇవ్వాలి. ‘మీ శిశువు రోదనము వల్ల కార్యాలయ విధులకు భంగము కలుగుచున్నది’ అని ఒక్క ముక్క రాస్తే చాలు. రాసి, ముద్ర వేస్తే, పుట్టినట్టే. ఆ మెమో చేతికి రాగానే దాన్నే జతచేసి సెలవు దరఖాస్తు పెడతాను.”

“రాయకపోతే?” అన్నారు మా ఆయన.

“రాయకపోతే రోజూ తీసుకెళ్తాను. సెప్టెంబరు ఒకటి దాకా. ఆ రోజుకి నలభై వారాలు నిండుతాయి. ఆరు నెలల పిల్లని వాళ్ల బల్ల మీదే ప్రసవిస్తాను.”

ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వలేదు. ఆ మాటకి ఎదురు చెప్పేవాళ్లు ఈ ఇంట్లో ఒక్కరే ఉన్నారు. అందరం ఆవిడ వైపు చూశాం.

మా అత్తగారు మజ్జిగ గిన్నె కింద పెట్టి, కాసేపు గోడ గడియారం వైపు చూసి ఏదో లెక్క వేసుకున్నారు.

“పొద్దున్న తొమ్మిదింటికి ఇచ్చే పాలు ఇంట్లో ఇవ్వకు” అన్నారు. “పదకొండింటికి ఆ పద్మనాభంగారి గదిలో ఇద్దువుగాని. ఆకలి మీదైతే బాగా ఏడుస్తుంది. వకుళా, నువ్వూ వెళ్లు. కుర్చీ వెయ్యకపోతే వెయ్యకపోయె, నిలబడు. మెమో ఇచ్చేదాకా ఆ పిల్లకి జోల పాడావంటే ఊరుకోను.”